మా అన్నయ్య గంట

మా వెల్డా వదిన చేసిన కేకు లేనిదే మా ఊరు టాలువాలో పెళ్ళి పెళ్ళిలా ఉండదు. వంటింట్లో ఆమెను చూసినవాళ్ళు ఎంత నెమ్మదస్తురాలో అనుకుంటారు. తెల్లటి ఏప్రను, తలకు వల, ముక్కు చివర కళ్ళద్దాలు, అడిగితే తప్ప నోరు విప్పదు. శనివారంనాడు స్టేడియంలో చూస్తే మాత్రం ఆవిడే ఈవిడని కన్నతల్లి కూడా ఒప్పుకోదు. మొహం సగం ఆకుపచ్చ, సగం పసుపు రంగు పూసుకుని, గొంతు చించుకుని, రిఫరీని ఏడు తరాల వెనక్కి వెళ్ళి మరీ తిడుతుంది. ఆ స్టేడియం వెల్డాను చూసే మా అన్నయ్య హోయ్ట్ మనసు పారేసుకున్నాడు. వంటింటి వెల్డా కొసరుగా వచ్చిందనేవాడు.

మా కాలేజి ఫుట్‌బాల్ జట్టు పేరు కంచరగాడిదలు. నవ్వేవాళ్ళు నవ్వండి, మాకేం సిగ్గులేదు. మా ఊళ్ళో సగంమంది ఆ కాలేజి గడప తొక్కనివాళ్ళే. వదినా అంతే, నేనూ అంతే. అయినా జట్టు మాది. ఓడితే ఆదివారం చర్చిలో పాట కూడా నీరసంగా వస్తుంది.

మా అన్నయ్యకు ఒక గంట ఉండేది. అది మొదట మా నాన్న పాలావు మెడలోది. ఆవు పోయాక అన్నయ్య దానికి ఇనప పిడి అతికించి, ఆకుపచ్చ రంగు వేసి, పిడి కింద మేకుతో తన పొడి అక్షరాలు గీసుకున్నాడు. ఒకసారి చేతికందిన ఆట చేజారిందని కోపంతో దాన్ని ట్రక్కు బంపరుకేసి కొట్టాడు. అప్పుడు పడ్డ సొట్ట అలాగే ఉంది. ఆ సొట్ట వల్ల దాని మోత కాస్త బొంగురుగా ఉంటుంది. ఎన్ని గంటలు మోగినా మా స్టేడియంలో అది హోయ్ట్ గంట అని అందరూ ఇట్టే పోల్చుకునేవారు.

గంటతోపాటు అన్నయ్యకు ఆకుపచ్చ మేజోళ్ళ జత ఒకటుండేది. ఆటలు మొదలయ్యాక ముగిసేదాకా దాన్ని ఉతకనిచ్చేవాడు కాదు. ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందట! వదిన ముక్కు మూసుకుని కాపురం చేసింది. పోయిన వసంతంలో అన్నయ్య గుండె ఆగి పోయినప్పుడు ఒక మేజోడు ఆయన కాలికే తొడిగి పంపింది. రెండోది తన దగ్గరే ఉంచుకుంది, ఉతకకుండా.

ఇంతకీ సెప్టెంబరు వచ్చింది. అన్నయ్య లేకుండా మొదటి ఆటలు. రెండో వారం ఆట డన్‌మోర్ ఊళ్ళో. డన్‌మోర్ జట్టు పేరు పుంజులు. ఆ పేరు తల్చుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ స్టేడియంలోకి గంటలు రానివ్వరు. మనం మోగిస్తే వాళ్ళ చెవులకు నొప్పి కాబోలు! వదిన ఏం చేసిందంటే, మోత రాకుండా గంటలో ఆ మేజోడు కుక్కి, గంటను పొట్టమీద కట్టుకుని, పైన అన్నయ్య జెర్సీ తొడుక్కుంది. గేటు దగ్గర తనిఖీ కుర్రాడు ఆ పొట్ట చూసి, "మెట్లు జాగ్రత్తగా ఎక్కండమ్మా" అన్నాడు. ఈ వయసులో ఇదేం చోద్యమనుకున్నాడో పాపం!

ఆట మొదటినుంచీ మాదే. మధ్యాహ్నమంతా మేమే ముందున్నాం. ఆఖరి క్షణాల్లో మాకు రెండు పాయింట్లు ఎక్కువ, బంతి వాళ్ళది. వాళ్ళకు మిగిలింది ఒక్కటే దారి, బంతిని దూరంనుంచి తన్ని రెండు కంబాల మధ్యనుంచి పంపాలి, పంపితే మూడు పాయింట్లు. తన్నారు. బంతి పక్కకి పోయింది! మావాళ్ళందరం ఒక్కసారి లేచాం. వదిన జెర్సీ ఎత్తి, గంట తీసి, మేజోడు లాగి, చేతులు పడిపోయేలా మోగించింది. "హోయ్ట్! చూశావా హోయ్ట్!" అని ఆకాశంవైపు అరుస్తోంది.

అప్పుడు పడింది, తప్పు జరిగిందని రిఫరీ విసిరే పసుపు గుడ్డ. మైదానంలో పదకొండుమంది ఉండాల్సిన చోట మావాళ్ళు పన్నెండుమంది ఉన్నారట. ఒక మహానుభావుడు బయటికి పోవడం మర్చిపోయాడు! బంతిని ముందుకు జరిపి మళ్ళీ తన్నమన్నారు. ఈసారి కంబాల మధ్యనుంచి సూటిగా పోయింది. అంతే. ఓడిపోయాం. ఎదుటివాడు గెలిచి ఓడిస్తే ఏడ్చి ఊరుకోవచ్చు. మన చేతులతో మనం గొయ్యి తవ్వుకుంటే ఆ కడుపుమంట ఎక్కడ చల్లార్చుకోవాలి?

వదిన నిలబడిన చోటే మేజోడును తిరిగి గంటలో కుక్కింది. తొందరపడి మోగించినందుకు సిగ్గుపడి తల దించుకుంది. అప్పుడే వెనక వరసనుంచి ఒక చెయ్యి వచ్చింది. నెత్తిమీద ఎర్ర రబ్బరు కోడిజుట్టు పెట్టుకున్న భారీ మనిషి, ముందు పన్ను బంగారంది. గంటను వదిన చేతిలోంచి లాక్కున్నాడు.

"ఓడినవాళ్ళకి గంటెందుకు మామ్మా? మేం మోగించుకుంటాంలే!" అని పకపకా నవ్వుతూ జనంలో పడిపోయాడు. నేను కుర్చీలు దూకి వెంటపడ్డాను. నా మోకాళ్ళు నాకు సహకరిస్తేగా! ఆ ఎర్ర టోపీల సముద్రంలో ఎవడని పట్టుకోను?

తిరుగు దారిలో ట్రక్కు నేనే నడిపాను. వదిన మొహంమీద రంగు ఎండి పొలుసులు పొలుసులుగా రాలుతోంది.

"వాడి మొహం చూశావా ఒలీటా?"

"చూశాను వదినా."

"మర్చిపోకు. గంట పోయిందని ఊళ్ళో ఎవరికీ చెప్పకు. హోయ్ట్ ఇన్నేళ్ళు కాపాడుకున్నదాన్ని నేను మొదటి ఏడే పోగొట్టానంటే తలెత్తుకోలేను. అది చేతికి వచ్చేదాకా నేను స్టేడియంలో కాలు పెట్టను."

"దొరుకుతుందంటావా?"

"దొరకాలి. దొరికాక వాడికి ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తా."

సోమవారం సాయంత్రం రేడియోలో మా కోచ్ మాట్లాడతాడు, ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేసి అడగొచ్చు. ఎన్నడూ ఫోన్ ఎత్తని వదిన ఆ రోజు ఎత్తింది. "ఏం నాయనా, కేకులో ఎన్ని గుడ్లు వేశానో లెక్కపెట్టుకోకపోతే నా బతుకు గడవదు. పదకొండుదాకా లెక్కపెట్టడం రానివాణ్ణి పక్కన ఎందుకు పెట్టుకున్నావు? వాణ్ణి నా వంటింటికి పంపు, గరిటెతో నేర్పిస్తా" అంది. ఆ మాటలు మంగలి షాపులో వారమంతా చెప్పుకు నవ్వారు. ఆదివారం పాస్టరుగారు శత్రువును క్షమించడం గురించి చెప్పి, బయట గుమ్మంలో వదిన చెయ్యి పట్టుకుని, "నీకోసమే చెప్పాను వెల్డా" అన్నారు.

"క్షమిస్తానండీ. వచ్చే సెప్టెంబరులో డన్‌మోర్‌వాళ్ళు మన ఊరొచ్చి ఓడి వెళ్ళాక, ఆ మర్నాడు తప్పకుండా క్షమిస్తాను."

తర్వాతి ఆట మా ఊళ్ళోనే. వదిన వెళ్ళలేదు. నడుము పట్టేసిందని చెప్పాం. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, చెయ్యి ఖాళీగా ఉండలేక గరిటె పట్టుకుంది.

ఆ వారంలోనే మా జోనెల్ వచ్చింది. జోనెల్ చర్చిలో పియానో వాయిస్తుంది. ఆమె కూతురికి డన్‌మోర్ పిల్లాడితో పెళ్ళి కుదిరింది. మావాళ్ళెవరూ ఈ నెలల్లో శనివారం పెళ్ళి పెట్టుకోరు. కానీ అక్టోబరులో ఒక శనివారం రెండు జట్లకూ ఆట లేదు, అందుకని ఆ రోజు ఖాయం చేశారు. పెళ్ళికూతురి తెల్ల కేకు వదినకు ఎప్పుడో చెప్పేశారు. పెళ్ళికొడుకు కేకు వేరే ఉంటుంది, దాన్ని అతని తరఫువాళ్ళు చెప్పాలి. అందుకని జోనెల్ తన వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"ఈయన మా బ్యూఫర్డ్ క్రౌడర్ అన్నయ్యగారు" అంది.

నేను గిన్నెలు తోముతున్నదాన్ని వెనక్కి తిరిగాను. బంగారు పన్ను! నా చేతిలో గిన్నె సింకులో ధనేల్మని పడింది. వదిన నావైపు ఒక్క చూపు చూసింది. మళ్ళీ సింకువైపు తిరిగాను.

వాడు మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? రంగు పూసిన మొహాలే తప్ప వాడు మనుషుల్ని చూశాడా? కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చున్నాడు.

"మావాడికి పుంజు కేకు కావాలండీ. నిలువెత్తు పుంజు. తల పైకెత్తి కూస్తున్నట్టుండాలి."

"తల పైకెత్తి" అంది వదిన.

"తల బాగా రావాలి మరి. పుంజుకి తలే ముఖ్యం!"

"అలాగేనండీ. తల సంగతి నాకొదిలెయ్యండి."

"ఇంకో మాట. కేకు కోసే ముందు నేను గంట మోగిస్తాను. మొన్న మీ జట్టుని చిత్తుచేశాం కదా, అప్పుడొక పిచ్చి ముసల్ది మొహానికి రంగు పులుముకుని ఎగురుతోంది. దాని చేతిలోంచి లాగేశా. మొహం చూడాలండీ! ఏడ్చిందనుకోండి!"

జోనెల్ మొహం మాడ్చుకుంది. "అన్నయ్యగారూ, ఇది టాలువా. ఇక్కడ ఆ కబుర్లెందుకండీ?" అంది. వదిన మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని, "తప్పకుండా మోగించండి. కేకు మీద ముసుగు నేనొచ్చి తీస్తాను. అది నా పద్ధతి" అంది.

వాడు గుమ్మం దాటగానే నేను అందుకున్నాను. "ఉప్పు పొయ్యి వదినా! చక్కెర బదులు ఉప్పు పొయ్యి! కాదంటే ఆముదం పొయ్యి! పెళ్ళివారంతా బాత్రూమ్ ముందు వరస కట్టాలి!"

"నోర్ముయ్యి. ఆ పిల్లాడేం చేశాడు? నా కేకు నోట్లో పెట్టుకున్నవాడు మొహం చిట్లించాడన్న మాట నేను బతికుండగా రాకూడదు."

"మరి వాడిని ఊరికే వదిలేస్తావా?"

"వదలడమా?" వదిన నవ్వింది. అన్నయ్య పోయాక ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూస్తే నాకే భయమేసింది. "వాడు గంట ఎక్కడ దాచాడో వెతుక్కోవాల్సిన పని లేకుండా, వాడే మోసుకొచ్చి ఊరి మధ్య నిలబడి మోగిస్తానన్నాడు. ఇంతకంటే ఏం కావాలి? గంట తీసుకుంటాను, మేజోడు తీసుకుంటాను, పుంజుని పెళ్ళికొడుకు ముందు పెట్టి నవ్వుకుంటూ వచ్చేస్తాను. అందరూ చూడాలి. అంతే."

ఆ వారం వదిన రెండు కేకులు చేసింది. ఒకటి పుంజు. ఎంత అందంగా వచ్చిందంటే, శత్రువు పుంజని తెలిసి కూడా ఈక ఈకకీ ముచ్చటేసింది. రెండోదాన్ని తలుపేసుకుని చేసింది. అచ్చు తీసుకోవడానికి ఎదురుగా ఏమీ లేదు. కళ్ళు మూసుకుని గాలిలో చేతులతో తడిమి చూసుకుని, మళ్ళీ కత్తి పట్టుకునేది. పుంజును పెళ్ళిరోజు ట్రక్కులో ఉంచి, రెండోదాన్ని చర్చి హాల్లో బల్లమీద పెట్టి ముసుగు కప్పింది.

హాల్లో సగం మావాళ్ళు, సగం డన్‌మోర్‌వాళ్ళు. తెల్ల కేకు కోశారు, పైఅంతస్తు విడిగా తీసి డబ్బాలో పెట్టారు. ఇక పెళ్ళికొడుకు కేకు వంతు. బ్యూఫర్డ్ లేచి, కోటు లోపలినుంచి గంట తీసి ఊపాడు. ఆ బొంగురు మోత వినగానే మావాళ్ళ తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. "ఇది హోయ్ట్ గంటలా లేదూ?" అని ఎవరో అన్నారు. హోయ్ట్ గంట వెల్డా దగ్గర కదా ఉండాలి, వీడి చేతిలోకి ఎలా వచ్చిందని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

వంటగది తలుపు తెరుచుకుని వదిన వచ్చింది. పువ్వుల గౌను, తలకు వల, సగం ఆకుపచ్చ, సగం పసుపు మొహం. తిన్నగా వెళ్ళి ముసుగు లాగేసింది.

బల్లమీద పుంజు లేదు. గంట ఉంది. ఆకుపచ్చ గంట, పక్కన సొట్ట, పిడి కింద మేకుతో గీసినట్టే మా అన్నయ్య పొడి అక్షరాలు. వాడి చేతిలో ఉన్నదీ, బల్లమీద ఉన్నదీ కవలపిల్లల్లా ఉన్నాయి.

"మీరా!" అన్నాడు బ్యూఫర్డ్.

"నేనే, ఆ పిచ్చి ముసల్దాన్ని. మీతో మాట్లాడి కేకు ఒప్పుకున్నదీ నేనే. మొహం కడుక్కుంటే ఆడవాళ్ళు మారిపోతారనుకున్నారా?"

మా మంగలి కుర్చీలోంచి లేచాడు. అతని వెనక ఇంకా కొందరు లేచారు. జోనెల్ పియానో దగ్గరనుంచి, "అన్నయ్యగారూ, అది పోయినవాడి గంట. వెంటనే ఇచ్చెయ్యండి" అంది. పెళ్ళికొడుకు కోల్టన్ చెవులదాకా ఎర్రబడి, "నాన్నా, ఇచ్చెయ్!" అన్నాడు.

"అబ్బే, సరదాకి తీసుకున్నానండీ. ఆటల్లో ఇవన్నీ మామూలే కదా" అంటూ వాడు ఇకిలించి గంట చేతిలో పెట్టాడు. వదిన మోగించలేదు. దాని లోపల వేళ్ళు పెట్టి వెతికింది.

"ఇందులో మేజోడుండాలి."

"ఏదీ, ఆ కంపు గుడ్డా? మోతకి అడ్డమొచ్చింది. అక్కడే చెత్తడబ్బాలో పడేశాను."

"అది మా ఆయనది" అంది వదిన.

నేను దగ్గరికి వెళ్ళబోయాను, చేత్తో ఆపింది. గంట నాకిచ్చి బయటికి నడిచింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. రెండు చేతులా పుంజు కేకు మోసుకుంటూ తిరిగి వచ్చింది. కోల్టన్ ముందు జాగ్రత్తగా దింపింది. డన్‌మోర్‌వాళ్ళు దాన్ని చూసి, సందర్భం మర్చిపోయి, "ఆహా" అన్నారు. ఎర్రటి జుట్టు, తెరిచిన ముక్కు, ఎత్తిన మెడ, ఇదిగో ఇప్పుడు కూస్తుందన్నట్టుంది.

వదిన కత్తి అందుకుని బ్యూఫర్డ్ వైపు తిరిగింది.

"తలే ముఖ్యం అన్నారు కదండీ."

ఒక్క వేటు. తల తెగి ఆమె అరచేతిలో పడింది. పెళ్ళికూతురు కెవ్వుమంది. మావాళ్ళ వరసల్లోంచి స్టేడియంలో వచ్చినట్టు ఒక అరుపు లేచింది. అందులో నా గొంతే పెద్దది, దాచడమెందుకు!

"బాబూ కోల్టన్, మిగతా పుంజంతా నీదే. లోపల అంతా మంచి చాక్లెట్టు, సందేహం లేకుండా తిను. తల మాత్రం నేను తీసుకెళ్తున్నాను" అంది వదిన. తర్వాత బ్యూఫర్డ్‌తో మెల్లగా, అందరికీ వినబడేలా చెప్పింది. "మీ కోడలు తన కేకు పైఅంతస్తు ఏడాదిపాటు ఫ్రీజర్లో దాచుకుంటుంది. నేను దీన్ని దాచుకుంటాను. వచ్చే సెప్టెంబరులో మా ఊరు వస్తారుగా. మీరు ఓడిన సాయంత్రం హోయ్ట్ సమాధి పక్కన కూర్చుని తింటాను. చూడాలనుంటే మీరూ రండి."

బ్యూఫర్డ్ కోటు గుండీలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కోల్టన్ మాత్రం చిన్నగా, "రెక్క నాకు" అని కత్తి తీసుకున్నాడు. మంచి పిల్లాడే, పుంజుల ఇంట్లో పుట్టడం వాడి ఖర్మ.

ఆ తల ఇప్పుడు వదిన ఫ్రీజర్లో బఠాణీ సంచుల మధ్య ఉంది. ఐసుక్రీముకోసం తలుపు తీసినప్పుడల్లా నోరు తెరుచుకుని మమ్మల్నే చూస్తుంది. వదిన దానికేసి ఒకసారి చూసి, "ఉండు, ఉండు" అని తలుపేస్తుంది.

మర్నాడు నేను ఆగలేక బజారుకెళ్ళి, అలాంటిదే ఆకుపచ్చ మేజోళ్ళ జత కొనుక్కొచ్చాను. వదిన వంటింటి బల్ల దగ్గర కూర్చుని గంట లోపలి అంచును వేలితో తుడుస్తోంది. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడవనిచ్చాను. తర్వాత మేజోళ్ళు ఆమె ముందు పెట్టాను. కళ్ళు తుడుచుకుని, వాటిని మడిచి, నా చేతికే తిరిగి ఇచ్చేసింది.

"నువ్వు తొడుక్కో. దీని నోట్లో ఇక ఏదీ కుక్కను. ఈసారి ఆట మన ఊళ్ళో ఒలీటా. దీని నోరు ఎవడు మూయిస్తాడో చూస్తాను."